తల తిప్పినప్పుడల్లా

శనివారం పొద్దున ఆ ఇంట్లో పొయ్యి వెలగకముందే హత్య కేసు మొదలవుతుంది. క్రైమ్ సీరియల్ శుక్రవారం సాయంత్రం వస్తుంది. రాత్రంతా బిగబట్టుకున్న అనుమానాలన్నీ తెల్లారేసరికి వంటింట్లోకి వచ్చిపడతాయి.

"పెళ్ళామే చంపింది," అంది నాయనమ్మ, టీ గ్లాసు టక్కున బల్ల మీద పెట్టి. "మొగుడు ఈతకొలనులో శవమై తేలి పూట గడవలేదు, జడ అంత నున్నగా ఎలా వేసుకుందే?"

"జడ వేసుకుంటే హంతకురాలేనా అత్తయ్యా?" అంది కోడలు, స్టవ్ దగ్గర్నుంచి వెనక్కి తిరిగి. "ఆ లాయరు బావమరిది చేతి గడియారం చూశారా? ఆగిపోయి ఉంది. నీళ్ళలో దిగితేనే కదా ఆగేది!"

"మీరిద్దరూ గొడుగు సంగతే మర్చిపోయారు," అంటూ కొడుకు తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. "ఆ రోజు చుక్క వాన లేదు. మందుల షాపు మూల మాత్రం తడి గొడుగు ఉంది. కొలను పక్కన పచ్చిక తడిపే యంత్రాల మధ్య నుంచి పారిపోయినవాడిదే అది."

"షాపుకి పదిమంది వస్తారు. ఎవడి గొడుగో నీకేం తెలుసురా?"

"అక్కడే చిక్కుపడింది," అని ఆయన కూతురి వైపు చూశాడు. మిగతా ఇద్దరూ అటే తిరిగారు.

కూతురు ఆ సీరియల్‌కి శబ్దాలు సర్దే రికార్డింగ్ స్టూడియోలో పనిచేస్తుంది. హంతకుడెవరో ఆమెకు తెలుసు. ఇంట్లోవాళ్ళకైనా సరే చెప్పనని సంతకం పెట్టింది.

"ఒక్క ముక్క చెప్పవే తల్లీ. నేను పోయేలోగా తెలుసుకోవద్దూ?"

"వచ్చే శుక్రవారమే చివరి భాగం. అప్పటిదాకా ఉంటావులే నాయనమ్మా," అని నవ్వి చెప్పులు వేసుకుంది అమ్మాయి.

"టిఫిన్ డబ్బా పెట్టుకున్నావా?" అని తల్లి వెనకనుంచి అడిగింది. జవాబు లేదు. మళ్ళీ అడిగేలోగా అమ్మాయి గేటు దాటేసింది. "ఈ మధ్య దీనికి మాట పలకడమే బరువైపోయింది," అని విసుక్కుంది తల్లి.

"నోరు జారుతుందని భయం," అన్నాడు తండ్రి మీసాల్లో నవ్వుకుంటూ.

ఆయనకి ఫొటో షాపు ఉంది. గడ్డం కాస్త పైకి, భుజాలు కిందికి అంటూ ఏళ్ళ తరబడి జనం మొహాలు సర్దిన మనిషి. కొన్ని వారాలుగా సీరియల్ నడుస్తున్నంతసేపూ ఆయన ఒక కన్ను కూతురి మీదే వేసి ఉంచాడు. భార్య పాత్ర ఏడ్చినా, లాయరు అరిచినా అమ్మాయిలో చలనం లేదు. మందుల షాపతను ఆ మెత్తటి గొంతుతో మాట్లాడితే మాత్రం చటుక్కున తల తిప్పి, ముందుకి వంగి, ఊపిరి బిగబట్టి వింటుంది. నిన్న సాయంత్రం కూడా అంతే చేసింది. ఇంకేం కావాలి?

ఆ సీరియల్ అభిమానులు ఫోన్‌లో పెట్టుకున్న గ్రూపులో ఆయన పేరు లెన్స్ మామయ్య. ఆధారాలు పట్టడంలో ఆయన మాటకి అక్కడ మంచి గిరాకీ. షాపు తెరిచి కూర్చున్నాడే గానీ చేతులు ఊరుకోలేదు. "హంతకుడు మందుల షాపతనే. రాసిపెట్టుకోండి," అని గ్రూపులో టైప్ కొట్టేశాడు.

గ్రూపు కందిరీగల తుట్టెలా లేచింది. "మామయ్యా, అదరగొట్టావు!" అని ఒకడు, "ఛ, అంత మెత్తటి మనిషా?" అని ఇంకొకామె. "ఊరికే అంటే సరిపోదు, సాక్ష్యం చూపించు" అని మూడోవాడు రెచ్చగొట్టాడు. ఆయనకి ఒళ్ళు పులకరించింది. వెనకాముందూ చూడకుండా టైప్ చేశాడు: "ఆ సీరియల్‌కి పనిచేసే మనిషి మా ఇంట్లోనే ఉంది. సాక్ష్యం కావాలా ఇంకా?"

దాన్ని ఎవరో ఫొటో తీసి నాలుగు దిక్కులా పంపారు. మధ్యాహ్నానికి అది, ఆయన పేరూ ఫొటో షాపూ ఆరాతో సహా, రికార్డింగ్ స్టూడియోకి చేరింది.

అన్నాలు వడ్డిస్తుండగా అమ్మాయి ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా నేరుగా తండ్రి ముందుకొచ్చి ఫోన్ చూపించింది.

"ఇది నువ్వు రాశావా నాన్నా?"

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఏదో... సరదాకి..."

"నీ సరదాకి నా ఉద్యోగం పోతోంది! నేనే చెప్పానంటున్నారు. సాయంత్రంలోగా సంజాయిషీ ఇమ్మన్నారు. నేనెప్పుడైనా నీకు చెప్పానా? ఒక్క అక్షరం చెప్పానా?"

"అంటే, వాడేనా?" అని నాయనమ్మ నోరు తెరిచింది. కోడలు చేత్తో ఆపింది.

"నువ్వు చెప్పలేదమ్మా," అన్నాడు ఆయన గొంతు తగ్గించి. "నీ మొహం చెప్పింది. అతను మాట్లాడినప్పుడల్లా తల తిప్పి, వంగి వింటావు. ఇంకెవరికీ అలా వినవు. అది చూసి పట్టేశాను."

అమ్మాయి కోపమంతా ఎటో పోయింది. గోడకి ఆనుకుని మెల్లగా కింద కూర్చుంది.

"నా ఎడమ చెవి సరిగ్గా వినపడటం లేదు నాన్నా."

నాయనమ్మ ఎత్తిన నీళ్ళ గ్లాసు కింద పెట్టేసింది.

"చాలా రోజులైంది. రోజురోజుకీ తగ్గుతోంది. అతని మాటలన్నీ సర్దింది నేనే. అందరికీ సరిగ్గా వినిపిస్తున్నాయా, లేక తేడా చేశానా అని ప్రతి వారం వణుకుతూ కుడి చెవి అటు తిప్పి వింటున్నాను. శబ్దాలు సర్దేదానికి చెవి లేదంటే ఎవరు పనిస్తారు? అందుకే ఎవరికీ చెప్పలేదు."

తల్లి కంచం పక్కకి నెట్టి వచ్చి కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది. "పిలిస్తే పలకవని తిట్టాను కదే! పొగరనుకున్నాను కదే!" అని నెత్తి కొట్టుకుంది.

తండ్రి ఇన్ని వారాలు ఆ మొహాన్నే చూశాడు. కనురెప్ప ఆడినా లెక్కేశాడు. అందులో భయముందని మాత్రం ఆయనకి తట్టలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నేను వచ్చి చెప్తాను. నీ ఫోన్ దొంగచాటుగా చూశానని చెప్తాను. తప్పు నాదవుతుంది."

"అబద్ధం వద్దు. నిజం చెప్తేనే నేను చెప్పలేదని నమ్ముతారు." కళ్ళు తుడుచుకుంది. "కానీ నిజం చెప్తే చెవి సంగతి బయటపడుతుంది. ఎటు పోయినా నాకే దెబ్బ."

కాసేపటికి తనే లేచింది. "పద నాన్నా. దాచి దాచి అలిసిపోయాను."

స్టూడియోలో శబ్దాల విభాగానికి పెద్ద ఒక మేడమ్. తండ్రి చేతులు కట్టుకుని జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. తలదించుకుని క్షమాపణ అడిగాడు. అమ్మాయి చెవి సంగతి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కుర్చీలో ముందుకి జరిగింది.

"ఎడమ చెవా?"

"అవును మేడమ్."

"అందుకా! ఈ మధ్య నీ పనిలో ఎడమవైపు శబ్దం కాస్త ఎక్కువవుతోంది. నేనే తగ్గించి పంపిస్తున్నాను. అలవాటేమో అనుకున్నాను." ఆవిడ గొంతు కరుగ్గానే ఉంది. "ముందే చెప్పాల్సింది. నాకు కోపం వచ్చింది ఆ ఒక్కదానికే."

"నన్ను తీసేస్తారా?"

"ముందు డాక్టర్‌కి చూపించు. చివరి భాగం మనిద్దరం కలిసి విందాం. ఎడమవైపుకి నేనుంటాను." తర్వాత తండ్రి వైపు తిరిగింది. "మీరు మాత్రం మళ్ళీ ఫోన్ ముట్టుకున్నారంటే ఊరుకోను."

అట్నుంచి అటే వెళ్ళి చూపిస్తే చెవుల డాక్టర్, లోపలి చిన్న ఎముక బిగుసుకుపోయిందన్నాడు. ఆపరేషన్ చేస్తే చాలామందికి వినికిడి తిరిగి వస్తుందనీ, మాట మాత్రం ఇవ్వలేననీ చెప్పాడు. బయటికొస్తూ అమ్మాయి తండ్రి చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు పట్టుకున్నట్టే గట్టిగా పట్టుకుంది.

ఆ సాయంత్రం ఆయన మేడమ్‌కి ఫోన్ చేసి అనుమతి అడిగి, గ్రూపులో ఒక్క మాట రాశాడు. "నేను రాసింది గొప్పలకి రాసింది. ఎవరూ నాకు ఏమీ చెప్పలేదు. క్షమించండి." ఇంక చూడాలి! లెన్స్ పగిలిందన్నారు, మామయ్యకి కళ్ళజోడు మార్చాలన్నారు, కోతల మామయ్య అని పేరే మార్చేశారు. వారమంతా ఆ ఎగతాళి సాగింది. ఆయన చదివాడు, మింగాడు, ఊరుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం టీవీ ముందు నలుగురూ చేరారు. నాయనమ్మ ఇంకా పెళ్ళాం మీదే పందెం కాస్తోంది. మందుల షాపతని చేతికి బేడీలు పడగానే ఇల్లంతా కేకలు. తల్లి సోఫాలోంచి లేచి చప్పట్లు కొట్టింది. నాయనమ్మ మాత్రం "కథ రాసినవాడికి బుర్ర లేదు, అసలు దొంగని వదిలేశారు," అని తేల్చేసింది.

తండ్రి ఫోన్ ఆగకుండా మోగుతోంది. వారమంతా వెక్కిరించిన గ్రూపు ఇప్పుడు లెన్స్ మామయ్యకి జేజేలు కొడుతోంది. ఆయన అటు చూడనైనా లేదు. కూతురి వైపే చూస్తున్నాడు.

"అందరూ నిన్నే పిలుస్తున్నారు నాన్నా. నా మొహంలో ఇంకా ఏం వెతుకుతున్నావు? హంతకుడు దొరికాడుగా!"

"వాడు దొరికాడులే," అన్నాడు ఆయన. "ఆపరేషన్‌కి భయంగా ఉందా అమ్మా?"

"చాలా," అంది అమ్మాయి. అని, జరిగి ఆయన భుజం మీద తల వాల్చి, ఇన్నాళ్ళుగా ఎవరికీ చెప్పుకోనిదంతా ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. తల్లి లేచి టీవీ కట్టేసింది.