జాబ్ ఫోల్డర్‌లో దొంగ ఫైల్

ఏజెంట్ స్వరూపకు అన్న నర్సింహ మీద ఒకటే ఫిర్యాదు: సర్దుతాడు. పోపు డబ్బాలో ఆవాలు జీలకర్రలో కలిస్తే ఆయనకు ముద్ద దిగదు. పటాన్‌చెరు ప్రెస్‌లో టైప్‌సెట్టింగ్ చేసినా అదే చాదస్తం. పేజీని తీర్చే మాడ్యూల్ ఒకచోట. మందు మోతాదు లెక్కగట్టే స్క్రిప్ట్ విడిగా, అందరూ వాడుకునే కామన్ ఫోల్డర్‌లో.

ఆ సర్దుడే ఆయన్ను జైలుకు పంపింది. పసిపిల్లల జ్వరం మందు కాగితంలో మోతాదు మూడింతలు అచ్చయింది. నర్సింహను పట్టించినవాడు స్వరూప పైఅధికారి, చీఫ్ బాపిరాజు.

2009. బాపిరాజు బ్రీఫింగ్.

"మన మందుల ఎగుమతి ఆపించాలని విదేశీ ముఠా ఒకటి ప్రెస్‌లో దూరింది. ఇవాళ అదే మందు కాగితం మళ్ళీ అచ్చుకెళ్తోంది. లోపల మన ఇన్‌ఫార్మర్ కమలాకుమారి ఉంది. ప్రెస్‌కు సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్."

"మా అన్నేమో జైల్లనే ఉన్నడు. మరి ఇప్పుడెవరు సార్?"

"మీ అన్న ముఠాలో మిగతావాళ్ళు. కామన్ ఫోల్డర్‌లో స్క్రిప్ట్ నేనే చూశానమ్మా. తప్పు లేదు. అంటే అచ్చయ్యాక మీ అన్నే దిద్దేశాడు."

"జాబ్ ఫోల్డర్ సూసిండ్రా?"

"అందులో ఏముంటుంది?"

స్వరూప నవ్వింది. అది మంచి నవ్వు కాదు. స్క్రిప్ట్ కావాలంటే సిస్టమ్ ముందు ఆ అచ్చుపని ఫైళ్ళుండే జాబ్ ఫోల్డర్‌లోనే వెతుకుతుంది. అక్కడ దొరక్కపోతేనే కామన్ ఫోల్డర్‌కు పోతుంది. అదే పేరుతో దొంగ ఫైల్ ఒకటి జాబ్ ఫోల్డర్‌లో పెట్టి, అచ్చయ్యాక తీసేస్తే ఇక సాక్ష్యమేది?

టిఫిన్ డబ్బాల మనిషి వేషంలో ప్రెస్‌లోకి వెళ్ళింది. అందరూ చాయ్‌కి లేవగానే పేజీని తీర్చే మాడ్యూల్‌లో నాలుగు లైన్ల కోడ్ చేర్చింది. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన గాడ్జెట్, పప్పు గిన్నె అడుగున కెమెరా. దానివల్ల పప్పు సగమే పట్టింది.

నల్లకళ్ళద్దాలతో, జార్జెట్ చీరలో కమలాకుమారి వచ్చింది.

"జొన్నరొట్టెలు మెత్తగా ఉన్నాయా?"

"నిన్నటియి, మేడమ్."

కోడ్ సరిపోయింది. "అంతా సేఫ్. నువ్వెళ్ళవే."

స్వరూప గిన్నె మరిచినట్టు వదిలి తలుపు దాటింది. బయట నిలబడి గిన్నె కెమెరాలో చూసింది: కమలాకుమారి తన మెడలోని లాకెట్ విప్పుతోంది. లోపల పెన్‌డ్రైవ్. దాన్ని సిస్టమ్‌కు గుచ్చింది. అప్పుడే పట్టుకోవచ్చు. కానీ జైల్లో అన్న చిక్కిపోయిన మొహం గుర్తొచ్చింది. ఈ ముచ్చట బాపిరాజు కళ్ళముందే జరగాలి. ఫోన్ చేసి రప్పించింది.

అచ్చు ప్లేట్లు తీసే మిషన్ దగ్గర ఆపరేటర్ పోచయ్య బటన్ మీద వేలుంచాడు.

"ఆపమ్మా!" బాపిరాజు అరిచాడు.

"ఆఖరి ప్రూఫ్ రానియ్యుండ్రి. ఏం పరేషాన్ గాకుండ్రి."

ప్రూఫ్ వచ్చింది. మోతాదు ఉండాల్సిన చోట పెద్దక్షరాలు: జాబ్ ఫోల్డర్‌లో దొంగ ఫైల్. పెట్టిన లాగిన్: కమలాకుమారి. స్వరూప చేర్చిన నాలుగు లైన్ల పని అది.

కమలాకుమారి చెయ్యి హ్యాండ్‌బ్యాగులోని పిస్టల్ మీదికి పోయింది. స్వరూప తను వదిలిన గిన్నె అందుకుని ఆ చేతి మీద పప్పు కుమ్మరించింది. సగమే అయినా వేడిగానే ఉంది.

బేడీలు పడ్డాక బాపిరాజు ఏదో గొణిగాడు.

"ఏంది సార్? మిషన్ల మోత. జెర గట్టిగ చెప్పుండ్రి."

చీఫ్ గుండెనిండా గాలి పీల్చుకున్నాడు. స్వరూప కన్నుగీటింది. పోచయ్య టక్కున మిషన్లన్నీ ఆపేశాడు.

"తప్పు నాదేనమ్మా! నర్సింహది కాదు!"