మాయ చెప్పిన మాట

ఉరవకొండలో బట్టల కొట్టు నడిపే వరలక్ష్మమ్మ ఆ ఉదయం కోడలి కోసం నానిన బొరుగులతో ఉగ్గాణి కలుపుతోంది. అనుపమకు ఎనిమిదో నెల. రోజూలాగే భరత్‌కుమార్ భార్య చేతికి బీపీ మిషను పట్టీ చుట్టాడు. అంకె చూసి అతని ముఖం మారిపోయింది.

"ఎంతుండాదిరా?"

"చానా ఎక్కువుండాదమ్మా. మళ్లీ చూస్తా."

మళ్లీ చూసినా దిగలేదు. అనుపమకు పెళ్లికి ముందునుంచే బీపీ ఉంది. మాత్రలు తప్పకుండా వేసుకుంటోంది. అయినా ఇంత ఎప్పుడూ పెరగలేదు. వరలక్ష్మమ్మ పొయ్యి ఆర్పి చెప్పులు వేసుకుంది. కాసేపట్లో వాళ్ల కారు అనంతపురం దారి పట్టింది.

ఆసుపత్రిలో డాక్టర్ అరుణజ్యోతి అనుపమను పరీక్షించి మందు మార్చింది. "బీపీ కుదురుకునేదాకా ఇక్కడే ఉండాలి" అంది.

వరలక్ష్మమ్మ ఆగలేకపోయింది. "ఈ పొద్దే ఆపరేషన్ చేసి బిడ్డను తీసేయండి డాక్టరమ్మా!"

అనుపమ దిగ్గున లేచి కూర్చుంది. "అట్లంటావేంది అత్తా? నెలలు నిండకుండా తీస్తే బిడ్డకు ఊపిరాడుతుందా?"

"నాకు నువ్వు కావాల!"

"నాకు బిడ్డ కావాల! ఇది నా కడుపు. నీ కొట్లో బేరం కాదు!"

వరలక్ష్మమ్మ మంచం అంచున కూర్చుంది. "మా చెల్లెలూ ఇట్లే అనింది. ఇంకో వారం చూద్దామక్కా అనింది. ఫిట్స్ వచ్చి నా ఒళ్లోనే పోయింది."

ఇన్నేళ్లలో అత్త ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

అరుణజ్యోతి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఇద్దరి భయమూ నిజమే. పాత బీపీయే పెరిగిందో, గర్భంతో వచ్చి ఫిట్స్ దాకా తెచ్చే గుర్రపువాతమో అంకె ఒక్కటే చూసి చెప్పలేం. రక్తనాళాలు బాగా పెరిగేందుకు కడుపులో బిడ్డను పోషించే మాయ ఒక పదార్థం తయారు చేస్తుంది. మాయ దెబ్బతింటే అది తగ్గి, దాన్ని అడ్డుకునేది పెరుగుతుంది. ఆ రెండూ రక్తంలో ఎంతున్నాయో చూస్తే, గండం దగ్గర్లో ఉందో లేదో చాలావరకు తెలుస్తుంది."

"ఉందని వస్తే నా మాట వింటావా?" కోడల్ని అడిగింది వరలక్ష్మమ్మ.

"వింటా. లేదని వస్తే నువ్వింటావా?"

వరలక్ష్మమ్మ కళ్లు తుడుచుకుని తలూపింది.

మర్నాడు రక్తపరీక్ష ఫలితం కోసం ఎదురుచూస్తూ భరత్‌కుమార్ వరండాలో ఒకచోట నిలవలేకపోయాడు. వరలక్ష్మమ్మ కోడలి చెయ్యి వదల్లేదు. చివరికి అరుణజ్యోతి నవ్వుతూ వచ్చింది.

"మాయ చక్కగా పనిచేస్తోంది! స్కానింగ్‌లో బిడ్డ ఎదుగుదలా బాగుంది. కొత్త మందుకు బీపీ కూడా దిగింది. ఇప్పటికి ఆగొచ్చు. కానీ వారం వారం రావాలి. తలనొప్పి వచ్చినా, కళ్లు మసకబారినా ఆ క్షణమే రావాలి."

"నేను తీసుకొస్తా!" కొట్టులో గిరాకీని పిలిచినంత గట్టిగా అంది వరలక్ష్మమ్మ. వార్డులోని వాళ్లంతా తిరిగి చూశారు. అనుపమ నవ్వుతూ, ఏడుస్తూ అత్త మెడ చుట్టూ చేతులు వేసింది.

ఆ తర్వాత ప్రతివారం ఇద్దరూ అనంతపురం వెళ్లారు. తొమ్మిదో నెల నిండాక డాక్టరు చెప్పిన రోజున అనుపమ ఆసుపత్రిలో చేరింది. కాన్పు గదిలోంచి కేరుమన్న ఏడుపు వినబడగానే భరత్‌కుమార్ ఎగిరి గంతేశాడు. నర్సు తలుపు తీసి, తెల్లటి గుడ్డలో చుట్టిన ఆడబిడ్డను అందించబోయింది.

వరలక్ష్మమ్మ చేతులు చాచలేదు. "నా కోడలు ఎట్లుండాది?" అంది.

లోపలినుంచి నీరసంగా, నవ్వుతూ అనుపమ గొంతు వినిపించింది.

"బాగుండాను అత్తా! ముందు నీ మనవరాల్ని ఎత్తుకో!"