క్రిస్టీనా పేరు మీద

ఆదివారం పొద్దున చర్చికి బయలుదేరే ముందు స్టీఫెన్ కూతురి గదిలో కంప్యూటర్ ఆన్ చేశాడు. క్రిస్టీనా డెంగ్యూతో చనిపోయి ఎనిమిది నెలలైంది. కంప్యూటర్‌ను చర్చి ఆఫీసుకు ఇచ్చేద్దామని భార్యాభర్తలు ముందురోజే అనుకున్నారు.

క్రిస్టీనా రోజూ ఆడిన గేమ్ దానంతటదే తెరుచుకుంది. తెర మీద ఒక వాక్యం కనబడింది: ‘క్రిస్టీనా ఇప్పుడు వేరే కంప్యూటర్‌లో ఆడుతోంది.’

చాయ్ తెచ్చిన భార్య ఎలీషమ్మ అది చదివి గోడ పట్టుకుంది.

"ఏందయ్యా ఇది? పిల్ల ఆడుతాందని రాసున్నదేంది?"

"ఎవరో దాని పాస్‌వర్డ్ దొంగిలించిన్రు," అన్నాడు స్టీఫెన్.

పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతూనే ఉంది. అది ఆరిపోతే బిడ్డ మళ్లీ పోయినట్టే అనిపించింది ఎలీషమ్మకు. కళ్లు తిప్పుకోలేకపోయింది.

స్టీఫెన్ ఎరిగినంతలో ఆ పాస్‌వర్డ్ తెలిసిన మనిషి ఒక్కతే, అలియాబాద్‌లో ఉండే క్రిస్టీనా స్నేహితురాలు శ్రీజ. అంత్యక్రియల తర్వాత ఆమె శామీర్‌పేటలోని ఈ ఇంటి గడప తొక్కలేదు. స్టీఫెన్ ఫోన్ చేసిన అరగంటకు ఆటోలో వచ్చింది.

"ఆడుతున్నది నువ్వేనా?"

"నేనే అంకుల్."

"అవన్నీ నా బిడ్డ జీతం పెట్టి కొనుక్కున్న ఆటలు. నువ్వు వాడుకునుడు దొంగతనం కాదా?"

"క్రిస్టీనే ఇచ్చింది అంకుల్. ‘కొన్నది నేనైతే ఏంది, ఇద్దరం ఆడుకుందాం’ అన్నది."

"బతికున్నప్పుడు ఇచ్చింది. పోయినంక గూడ దాని పేరు మీద తిరుగుతవా? పొద్దున మీ ఆంటీ పానం పోయినంత పనైంది!"

శ్రీజ తలవంచుకుంది. "తప్పు జేసిన అంకుల్. గని అది వేరే. క్రిస్టీని అడగకుంటనే మా చిన్నమ్మ బిడ్డకు పాస్‌వర్డ్ ఇచ్చిన. ‘నీకిచ్చిన గని ఊరందరికి కాదు’ అని మస్తు కోపం జేసింది. మాటలు బంద్ జేసింది. మూడోనాడే దవాఖానల పడ్డది. సారీ అని మెసేజ్ పెట్టిన, జవాబు రాలే. ఇగ రోజూ గిది తెరుస్త. ఆమె పేరు వెలిగితే, ఉన్నట్టే ఉంటది. వెలిగించేది నేనేనని తెలుసు..."

స్టీఫెన్ కోపం ఎటు పోయిందో, మంచం అంచున కూలబడ్డాడు.

"దవాఖానల ఉన్న నాలుగు దినాలు ఫోన్ దాని చేతులనే ఉండె," అన్నాడు. "బ్యాంకు నంబర్లన్నీ నాకు చెప్పింది. నీ మీద కోపముంటే గీ పాస్‌వర్డ్ మార్చకపోవునా? మార్చలే బిడ్డా. అట్లనే ఉంచింది."

శ్రీజ రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. ఎలీషమ్మ ఆమెను దగ్గరికి తీసుకుంది.

"ఇంకెవ్వరికీ ఇయ్యకు," అన్నాడు స్టీఫెన్ కళ్లు తుడుచుకుంటూ. "నువ్వు ఆడు. ఆడేముందు ఆంటీకి ఒక ఫోన్ కొట్టు. భయపడకుంట ఉంటది."

"ఇప్పుడే ఒకపారి సూపియ్యి," అంది ఎలీషమ్మ.

శ్రీజ కుర్చీలో కూర్చుంది. తెర మీద గుట్టలు, చెరువు, చెరువొడ్డున చిన్న ఇల్లు కనిపించాయి.

"క్రిస్టీ కట్టిన ఇల్లు ఆంటీ. నేను దేన్నీ ముట్టలే."

ఎలీషమ్మ ముందుకు వంగి చాలాసేపు చూసింది.

"తలుపు తియ్యి బిడ్డా," అంది. "లోపటికి పోదాం."