సంచి మీద చీటీ

సబ్బు నీళ్లలో చేతులు మోచేతుల దాకా ముంచి గాజు సీసాలు కడుగుతున్న డీసా చెవిలో వినికిడి యంత్రం రెండుసార్లు టిక్కుమంది. ఆమెకి చెవులు బాగానే వినపడతాయి. ఆ యంత్రం ఇచ్చింది డాక్టరు కాదు, గూఢచారి విభాగం.

"మూడో అంతస్తులో కుళాయి కారుతోందా?" అన్నాడు పోస్ట్‌మాస్టర్. ఆమె పై అధికారి కోడ్ పేరది. అసలు పేరు ఆమెకి ఇరవై రెండేళ్లుగా తెలియదు.

"కారడం లేదు. గడ్డ కట్టింది," అంది డీసా.

కోడ్ సరిపోయింది.

"కూర్చో."

"ఇక్కడ కుర్చీ లేదు. చెప్పు."

"హోల్గర్‌ది మామూలు న్యుమోనియా కాదు. అతని ఊపిరితిత్తుల్లో మీ సంస్థ ఏడో నంబరు బ్యాక్టీరియా దొరికింది. మీ పడగ్గదిలో గాలికి తేమనిచ్చే యంత్రం ఉందిగా, దాని నీళ్లలో కలిపారు. వారం కిందటే."

డీసా చేతిలో సీసా తొట్టి అంచుకి తగిలి పగిలింది. హోల్గర్ ఆమె భర్త. అదే విభాగంలో ఏజెంట్. విదేశీ ముఠా ఒకటి ఉత్తరాన ఊమెయో ఊళ్లోని ఈ పరిశోధన సంస్థ చుట్టూ తిరుగుతోందని మొదట పసిగట్టింది అతనే. ఏడు నెలలుగా డీసా ఇక్కడ సీసాలు కడిగే మనిషిగా ఉంటోంది అందుకే. బుధవారం నుంచి అతను ఆసుపత్రిలో మిషన్ మీద ఊపిరి పీలుస్తున్నాడు.

"మరి నీకెందుకు రాలేదు?" అన్నాడు పోస్ట్‌మాస్టర్.

"నేను మూడేళ్లుగా కుట్టుమిషన్ గదిలో పడుకుంటున్నాను. అతని గురక."

"ఆ సంగతి నీ ఫైల్లో లేదే."

"అన్నీ ఫైల్లో రాయించుకుంటారా ఎవరైనా? విషయం చెప్పు."

"డాక్టర్లు మధ్యాహ్నం దాకా గడువిచ్చారు. ఆ తర్వాత చేతులెత్తేస్తారు. మందు ఒకటే ఉంది. మీ ఫ్రీజర్‌లో, నలభై ఒకటో ట్యూబు. ప్రపంచంలో ఇంకోటి లేదు. మనిషి మీద ఎప్పుడూ వాడలేదు కాబట్టి అనుమతి కావాలి. సంతకం పదింటికి వస్తుంది, వెంటనే పోలీసు కారు వచ్చి తీసుకెళ్తుంది. అప్పటిదాకా దాన్ని కాపాడు. ముఠాకి రోగం దొరికింది, మందు కూడా దొరికితే రేపు ఏ ఊరినైనా గుప్పిట్లో పెట్టుకుంటారు. వాళ్ల మనిషి ఒకరు లోపలే ఉన్నారు. 'పట్టుతోక' అని ఒక పిట్ట పేరుతో పిలుచుకుంటున్నారు. ఎవరో తెలియదు."

"నేనొక్కదాన్నేనా?"

"ఔరేలియా మన మనిషేగా. ఆమెకి చెప్పు, సాయం చేస్తుంది. ఇంకో మాట. రోజూ ఎలా ఉంటావో అలాగే ఉండు. నీ మొహంలో కంగారు కనపడితే పట్టుతోక ఎగిరిపోతుంది."

అప్పుడు తొమ్మిది కావడానికి పది నిమిషాలు.

డాక్టర్ ఔరేలియా రెండేళ్ల కిందట దక్షిణం నుంచి వచ్చింది. ముఠా వాళ్లు తనని కొనడానికి చూశారని తనే వచ్చి విభాగానికి చెప్పింది. అప్పట్నుంచీ వాళ్ల దగ్గర జీతం, వీళ్ల దగ్గర నమ్మకం తీసుకుంటోంది. మైనస్ ఇరవై నాలుగు డిగ్రీల చలిలో కూడా ఎర్ర కోటు గుండీలు పెట్టుకోని మనిషి. ఆమె నడిచి వెళ్లిన వరండాలో ఆమె సెంటు ఇంకో పావుగంట నిలబడి ఉంటుంది.

డీసా మెట్ల మీద ఆమెని ఆపి రెండు ముక్కల్లో చెప్పింది. నలభై ఒకటి. పదింటికి.

ఔరేలియా ఆమె తడి చేతులు పట్టుకుంది. "అయ్యో డీసా! నువ్వు ధైర్యంగా ఉండు. నేను చూసుకుంటాను."

ఆ మాటకి డీసాకి నిజంగానే కొంచెం ఊపిరి ఆడింది.

తర్వాత సీసాల బండి తోసుకుంటూ మూడో అంతస్తుకి వెళ్లి ఫ్రీజర్ గది ఎదురుగా నిలబడింది. మందు తయారుచేసిన ఆల్రిక్ ప్రొఫెసర్ టోపీ మీద మంచు దులుపుకుంటూ వచ్చాడు. రోగి ఎవరో ఆసుపత్రి వాళ్లు అతనికి చెప్పారు. ఏం మాట్లాడాలో తెలియక, తెలిసిన సంగతే మాట్లాడాడు.

"చూడు డీసా, ఊపిరితిత్తుల్లో కాపలా కణాలుంటాయి. పురుగు కనపడగానే మింగేస్తాయి. మింగి పల్చటి పొరతో సంచి కడతాయి. కణం నిండా ఇలాంటి సంచులే. ఒకటి సరుకు తెస్తుంది, ఒకటి చెత్త మోస్తుంది. ఏది ఎక్కడికెళ్లాలో పైన చీటీ ఉంటుంది. పురుగున్న సంచి వెళ్లి ఆమ్లం సంచితో కలిసిపోవాలి. అందులో పురుగు కరిగిపోవాలి."

"కరగడం లేదా?"

"ఈ ఏడో నంబరుగాడు లోపల్నుంచే చీటీ మార్చేస్తాడు. నాది చెత్త సంచి కాదు, సరుకు సంచి అని రాసుకుంటాడు. కణం పిచ్చిది, నమ్మేస్తుంది. తిండి సంచులు తెచ్చి వాడికే అందిస్తుంది. వాడు తిని, వందమందై, ఇల్లు కూల్చి బయటికొస్తాడు."

"నీ మందు వాణ్ణి చంపుతుందా?"

"వాడి జోలికే వెళ్లదు. సంచిని చించదు. చీటీ సరిచేస్తుంది, అంతే. సంచి తన దారిన తను ఆమ్లంలోకి వెళ్తుంది." అతను కళ్లజోడు తుడుచుకున్నాడు. "కానీ కరిగితే మందు పాడైపోతుంది. ఫ్రీజర్ నుంచి తిన్నగా మంచం దాకా గడ్డగానే వెళ్లాలి. పద, తొమ్మిదిన్నర అవుతోంది. ఇవాళ నీ వంతేగా?"

శుక్రవారం కాఫీకి బన్నులు తెచ్చే జాబితాలో ఈ వారం డీసా పేరుంది. భర్త చావుబతుకుల్లో ఉన్నా ఆమె పొద్దున్నే లేచి యాలకుల బన్నులు చేసుకుని వచ్చింది. అనుమానం రాకూడదని చేశానని తనకి తను చెప్పుకుంది. నిజానికి, పేరు జాబితాలో ఉన్నప్పుడు చేయకుండా ఎలా ఉంటారో ఆమెకి తెలియదు.

పదకొండుమందీ కాఫీ గదికి వచ్చారు. తిండి దగ్గరికి ల్యాబ్ కోటు తేకూడదన్నది ఇక్కడ దేవుడి ఆజ్ఞ లాంటిది. అందరూ గది బయట కొక్కేలకి కోట్లు తగిలించి, చేతులు కడుక్కుని లోపలికి వస్తారు. తలుపులు తెరిచే కార్డులు ఆ కోట్లకే వేలాడుతుంటాయి. తొమ్మిదిన్నరకి ఈ దేశంలో ఎవరైనా కాఫీ దగ్గర కాకుండా ఇంకోచోట ఉంటారన్న ఆలోచన ఎవరికీ రాదు. ఏడు నెలల్లో డీసాకీ రాలేదు. ఫ్రీజర్ గది ముందు కాపలా మానేసి ఆమె బన్నులు పంచుతోంది.

ఔరేలియా ఒక బన్ను కాగితం రుమాల్లో చుట్టుకుంది. "కణాలకి నీళ్లు మార్చాలి. ఐదు నిమిషాల్లో వచ్చేస్తా."

"కాఫీ వదిలేసి ఏం నీళ్లమ్మా!" అని ఎవరో నవ్వారు.

డీసా రెండో పళ్లెం కోసం బయటికి వచ్చినప్పుడు ఆల్రిక్ కోటు కొక్కేనికే ఉంది. జేబు మీద కార్డు లేదు.

మూడు అంతస్తుల మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకి గుర్తు లేదు. ఫ్రీజర్ గది తలుపు ఓరగా ఉంది. అలారం కీచుమంటోంది. నలభై, నలభై రెండు ఉన్నాయి. మధ్యలో ఖాళీ.

"ట్యూబు పోయింది," అంది చెవి యంత్రంలోకి. "ఔరేలియా. ప్రొఫెసర్ కార్డు తగిలించుకుని దర్జాగా తీసుకుపోయింది. నేనే చెప్పాను దానికి. నంబరుతో సహా నేనే చెప్పాను."

పోస్ట్‌మాస్టర్ అటు ఎవరినో అడిగాడు. "దగ్గర్లో మన కారు లేదు డీసా."

కిటికీలోంచి కింద బస్టాపు కనపడింది. ఎర్ర కోటు. విమానాశ్రయం బస్సు నాలుగు నిమిషాల్లో వస్తుంది.

సీసాల గదిలో వేసుకునే చెక్క చెప్పులతోనే డీసా మంచులోకి పరిగెత్తింది. రెండుసార్లు పడింది. చేతిలో ఆమె ఆయుధం ఉంది, సీసాలు తోమే బ్రష్షు. పిడిలో మనిషిని పడగొట్టే కరెంటు ఉంటుంది.

"సంచి చూపించు," అంది రొప్పుతూ.

ఔరేలియా నవ్వుతూ హ్యాండ్‌బ్యాగు తెరిచింది. లిప్‌స్టిక్, పాస్‌పోర్టు, దువ్వెన, పక్కన స్టీలు ఫ్లాస్కు. "కాఫీ కూడా తాగుతావా?"

ఫ్లాస్కు మూత కొంచెం వదులుగా ఉంది. సందులోంచి తెల్లటి ఆవిరి వస్తోంది. కాఫీ ఆవిరైతే పైకి పోతుంది. ఇది మూత మీంచి జారి, ఫ్లాస్కు చుట్టూ పాకి, కిందికి దిగుతోంది.

డ్రై ఐస్, కరిగి నీళ్లు కాకుండా తిన్నగా గాలిగా మారే మంచు. ట్యూబు అందులోనే ఉంది.

డీసా బ్రష్షు మీట నొక్కింది. ఏమీ కాలేదు. ఇంకోసారి నొక్కింది. ఈ చలికి బ్యాటరీ చచ్చిపోయింది. ఆయుధం తయారుచేసిన వాళ్లు రాజధానిలో వెచ్చగా కూర్చుని చేసి ఉంటారు.

"తోముతావా నన్ను?" ఔరేలియా ఫ్లాస్కు తీసి మూత బిగించింది. గట్టిగా, చివరిదాకా. "ఇప్పుడేమవుతుందో తెలుసుగా? లోపల గాలి పెరుగుతూ పోతుంది. పావుగంట ఆగుతుంది. విమానాశ్రయం పన్నెండు నిమిషాలు. అక్కడ దిగాక మూత తీస్తాను. ఈలోపు నన్ను ముట్టుకున్నావా, ఊపేస్తాను. ట్యూబు ముక్కలవుతుంది. మీ ఆయన కూడా."

ఆమె బస్సెక్కి వెనక సీట్లో కూర్చుంది.

పావుగంట అన్నది వట్టి మాట. మూడు నెలల కిందట ల్యాబులో ఒకడు ఇలాగే మూత బిగిస్తే పది నిమిషాలకే పేలింది. గోడలోంచి ముక్కలు పీకింది డీసాయే. లాక్కోవడానికి లేదు. వదలడానికీ లేదు. ఒక చేత్తో బస్సు తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. హోల్గర్ గడ్డం ఆసుపత్రిలో ఎవరూ గీయలేదన్న సంగతి, ఏ సంబంధమూ లేకుండా, అప్పుడు గుర్తొచ్చింది.

"ఎక్కుతావా, దిగుతావా?" అంది డ్రైవరు. గుల్లన్ అని చొక్కా మీద పేరుంది. భారీ మనిషి. "వేడంతా బయటికి పోతోంది తల్లీ."

డీసా తల ఎత్తి చూసింది. అద్దాలన్నీ లోపల్నుంచి మంచు పట్టి పాలరాయిలా ఉన్నాయి. డ్రైవరు ముందున్న అద్దం తప్ప బయట ఏమీ కనపడదు. నెత్తి మీద వెలుగుతున్న అక్షరాలు: విమానాశ్రయం.

సంచిని చించదు. చీటీ సరిచేస్తుంది.

ఆమె వంగి, గుల్లన్ చెవి దగ్గర అంది. "ఆసుపత్రికి పోనియ్. అంబులెన్సులు వెళ్లే షెడ్డులోకి. పైన ఆ పేరు అలాగే ఉండనియ్. ఎవరికీ చెప్పకు."

"నా రూటు అది కాదు."

"మా ఆయన అక్కడున్నాడు."

గుల్లన్ ఆమె కాళ్ల వంక చూసింది. చెక్క చెప్పులు, తడిసి గట్టిపడిన మేజోళ్లు. ఈ ఊళ్లో ఊరికే ఎవరూ అలా బయటికి రారు.

"ఎక్కు," అని మైకు తీసుకుంది. "ముందు మంచు తోసే బండి అడ్డంగా ఉంది. కొంచెం చుట్టు తిరిగి వెళ్తున్నాం."

ముందు సీట్లో ఉన్న ముగ్గురు ప్రయాణికులు తలలూపి మళ్లీ కిందికి చూసుకున్నారు. డీసా వెళ్లి ఔరేలియా పక్కన కూర్చుంది.

"దూరంగా కూర్చో. సబ్బు కంపు," అంది ఔరేలియా. ఫ్లాస్కు ఆమె ఒళ్లో ఉంది.

"హోల్గర్ నీకేం చేశాడు?"

"నా ప్రయాణాలు లెక్కపెట్టాడు. ఎక్కడికెళ్లానో, ఎందుకెళ్లానో. మంచివాడే పాపం, వేరే ఉద్యోగం చూసుకోవాల్సింది."

ఔరేలియా కిటికీ వైపు చూడకుండా మాటల్లో పెట్టాలి. ఏడిస్తే చూడదు. ఏడుపు నటించాలనుకుంది డీసా. నటించాల్సిన పని పడలేదు. "మూత కొంచెం వదులు చెయ్యి. కొంచెం. నేను ఇక్కడే దిగిపోతాను. ఎవరికీ ఫోన్ చేయను. నీ కాళ్లు పట్టుకుంటాను. బుధవారం అంబులెన్సు ఎక్కేటప్పుడు కూడా అతనితో దెబ్బలాడాను, మేజోళ్లు కనపడటం లేదని విసుక్కున్నాడని. ఆఖరి మాట అదే కాకూడదు."

"ఛీ, ముక్కు తుడుచుకో," అంది ఔరేలియా. కానీ మొహం కిటికీ వైపు తిప్పలేదు. ఎదుటివాళ్లు ఏడుస్తుంటే చూడటం ఆమెకి ఇష్టంలా ఉంది.

ఫ్లాస్కు లోపల్నుంచి టింగుమని చిన్న శబ్దం వచ్చింది. మూత మీద స్టీలు బుగ్గలా ఉబ్బింది.

బస్సు ఎత్తు ఎక్కి, మలుపు తిరిగి, ఆగింది. వెనక ఏదో పెద్ద తలుపు కిందికి దిగిన చప్పుడు. లోపల వెలుగు మారిపోయింది.

"ఇంత తొందరగానా?" ఔరేలియా లేచి, గోటితో అద్దం మీద మంచు గీకింది. అవతల పచ్చటి గోడ, చక్రాల మంచాలు, తెల్లకోట్లలో మనుషులు. వాళ్ల ముందు ఇద్దరు పోలీసులు. చెవి యంత్రంలో మొత్తం విన్న పోస్ట్‌మాస్టర్ ఫోను చేసి ఉండాలి.

ఆమె ఫ్లాస్కు పైకెత్తింది, నేలకేసి కొట్టడానికి. డీసా ఆ చేతికి వేలాడింది. ఇద్దరూ సీట్ల మధ్య పడ్డారు. సెంటు, సబ్బు, తడి ఉన్ని. డీసా నోటికి అందిన మణికట్టుని కొరికింది. ఫ్లాస్కు దొర్లింది. పట్టుకుని మూత తిప్పింది. తిరగలేదు. గడ్డ కట్టుకుపోయింది. మళ్లీ టింగుమంది. వేళ్ల చర్మం స్టీలుకి అంటుకుని ఊడుతోంది.

"ఇలా తే," అంది గుల్లన్. ఇరవయ్యేళ్లు స్టీరింగు తిప్పిన చేతులు. ఒళ్లంతా బిగబట్టి మూలిగింది.

ఫస్సుమంటూ మూత ఎగిరి బస్సు పైకప్పుకి కొట్టుకుంది. తెల్లటి పొగ మెట్ల మీంచి జలపాతంలా కిందికి దిగింది. గుల్లన్ చేతిలో మంచు ముక్కల మధ్య ట్యూబు ఉంది. గీత కూడా పడలేదు. డాక్టరు దాన్ని అందుకుని పరిగెత్తాడు. పోలీసులు ఔరేలియా చేతులకి సంకెళ్లు వేశారు.

అప్పుడు పదింబావు. అనుమతి సంతకం పది నిమిషాల కిందటే వచ్చిందని తర్వాత తెలిసింది.

మర్నాడు మధ్యాహ్నం ఆల్రిక్ వచ్చి, సంచులన్నీ దారిలో పడ్డాయని డాక్టర్లకి చెప్పి, ఏడ్చి వెళ్లాడు. గొంతులో గొట్టం ఇంకా ఉండటంతో హోల్గర్ మాట్లాడలేడు. కళ్లు తెరిచి, పక్క మంచం మీద కాళ్లకీ వేళ్లకీ కట్లతో ఉన్న డీసాని చాలాసేపు చూశాడు. పలక కావాలని సైగ చేశాడు. నర్సు ఇచ్చింది. ఆగి ఆగి, ఒక్కో అక్షరం రాశాడు. డీసా మోచేతుల మీద లేచింది.

పలక తిప్పి చూపించాడు.

'ఇంటికి తాళం వేశావా?'

"వేశాను," అంది డీసా. ఇరవై రెండేళ్ల గూఢచారి ఉద్యోగంలో అంత తడుముకోకుండా ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే.