కనిష్ఠం: రెండు

ఆదివారం మధ్యాహ్నం ఆఫీసులో నేనొక్కణ్ణే ఉన్నాను. పరీక్షల గదికి కిటికీలు లేవు. ముసలివాళ్లను మెట్ల మీదుగా పైకి చేర్చే మా కంపెనీ కుర్చీ ఒకటి మూలన ఉంది. దానికి ఎదురుగా నా కంప్యూటరు. ఏసీ ఆపేశారు, గదంతా గ్రీజు వాసన.

నేను వచ్చింది ఒక పేరు మార్చడానికి.

మా పని చెప్పాలంటే ఇంతే. కుర్చీని మోసే ఇనుప పట్టీ ఎంత మందం ఉండాలో సాఫ్ట్‌వేరు వేలసార్లు లెక్కగట్టి చూస్తుంది. దానికి మనం రెండే చెప్పాలి. ఏం కావాలి? బరువు తగ్గాలి. ఎంతవరకు దిగొచ్చు? ఐదు మిల్లీమీటర్ల వరకు. ఆ ఐదు నా పక్క సీట్లోనే పనిచేసే మా అక్క మొగుడు పెట్టింది. ఏ పనిలోనైనా ముందు కింది హద్దు నింపి, అదెందుకో పక్కన రాసి, ఆ తర్వాతే కాఫీకి లేచేవాడు. ఆ చాదస్తం చూస్తే నాకు ఒళ్లు మండేది.

నెల కిందట ఆయన కాఫీకి లేచినప్పుడు ఐదును రెండు చేశాను. తెర మీద పట్టీ తట్టుకుంది. మేనేజరు నా భుజం తట్టాడు. తయారైన కుర్చీలో మొదట కూర్చునేది ఎప్పుడూ బావే. రెండో అంతస్తు ఎత్తున పట్టీ తెగింది.

రేపు విచారణ. రెండు కొట్టింది నేనేనని కంప్యూటర్ రికార్డులో ఉంది. అక్కడ బావ పేరు పెడితే నా ఉద్యోగం నిలుస్తుంది. చచ్చినవాడికి పరువుతో పనేముందిలే అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను.

పేరు మార్చి సేవ్ నొక్కాను. లెక్క దానంతటదే మొదలైంది.

పట్టికలో మందం లేదు. ఒకే ఒక్క వరస.

బరువు: 71.4. లక్ష్యం: తగ్గించు. కనిష్ఠం: ఖాళీ.

ఆ పొద్దున కాటా మీద నేను చూసుకున్న నా బరువు అదే.

ఆపు నొక్కాను. ఆగలేదు. 71.1... 70.8... నడుం దగ్గర ప్యాంటు వదులైంది.

వెనక కుర్చీ కిర్రుమంది. ఒక్కసారే... తిరిగి చూడలేదు. మెడ మీద కాఫీ వాసన.

"కింది హద్దు నింపలేదేంరా, బామ్మర్దీ?"

బతికుండగా బావ ఏనాడూ ఆ గొంతుతో మాట్లాడలేదు. అందులో చుట్టరికం లేదు.

"యాభై పెట్టు బావా..." గొణిగాను. "నీకు దండం పెడతాను..."

"నాకెంత ఇచ్చావు?"

ఖాళీ గడిలో అంకె పడింది.

2.

ప్లగ్గు పీకి పరుగెత్తాను. మర్నాడు విచారణలో నిజం కక్కేశాను. ఉద్యోగం పోయింది. ఆ కంప్యూటరును తుక్కులో పడేశారు. బరువు దిగడం మాత్రం దేనికీ ఆగలేదు. మూడు పూటలా తింటున్నాను, బెల్టుకు వారానికో కొత్త బెజ్జం పెడుతున్నాను. క్షమించమని అడగడానికి వెళ్తే అక్క గుమ్మం దాటనివ్వలేదు. నన్ను కిందికీ మీదికీ చూసి, "చిక్కిపోయావు," అంది. జాలిగా అనలేదు. తలుపేసుకుంది.

ఈ పొద్దున కాటా ఎక్కాను. 57.8.

దిగాను. అంకె సున్నాకి రాలేదు. ఖాళీ కాటా మీద 13.6 చూపిస్తోంది. సరిగ్గా నా ఒంట్లోంచి పోయినంత. గదిలో కాఫీ వాసన. చూస్తుండగానే... 13.7 అయింది.