ఊహోత్తరం

పదకొండున్నరకు నగర కార్యాలయంలో అడుగుబల్ల దగ్గర ఝాన్సీ రెండువందల పద్నాలుగో ఊహోత్తరానికి ముద్ర వేసింది. పైఅంతస్తు వాళ్లు పియానో వాయించుకోవచ్చా అని అడగబోయారు. కింది ఇంటామె ఒప్పుకుంటుందని యంత్రం రాసింది. వాయిద్యం మొదలైంది. ఇంకొకరు పక్కవాళ్ల చెర్రీ కొమ్మ కొట్టవచ్చా అని అడగబోయారు. ఒప్పుకోరని రాసింది. రంపం పెట్టెలోనే ఉండిపోయింది. ఎవరూ నోరు తెరవలేదు.

సముద్రం మీద తేలే జేలాండ్ నగరంలో పదకొండేళ్లుగా ఇంతే: మనిషి బదులు యంత్రమే జవాబు ముందుగా ఊహించి రాస్తుంది. ఎనభై లక్షల ఊహోత్తరాల్లో తప్పినవి సున్నా అని గోడ మీద వెలుగుతుంటుంది. ఒక్కటి తప్పినా, యంత్రం వద్దన్నవన్నీ మళ్లీ తెరవాలని నగరశాసనం. తప్పినట్టు తేలాలంటే ఎవరైనా నోరు తెరిచి అడగాలి కదా.

రెండువందల పదిహేనోది చూసి ఆమె చెయ్యి ఆగింది.

అడగబోతున్నవారు దివిసీమ కుటుంబాలు, మూడువందల పన్నెండు. ఊళ్లు సముద్రంలో కలిశాక ఆరేళ్లుగా నగరం అడుగు అంతస్తులో ఉంటున్నాయి. ఝాన్సీ కుటుంబమూ అందులోదే. తొమ్మిదో మడుగు తోడి, బయటపడిన నేల మీద ఇళ్లు కట్టుకోవాలని వాళ్ల కోరిక. ఆ మడుగులో లేందర్ట్ అనే ముసలాయన పడవలో ఒంటరిగా ఉంటున్నాడు. నీళ్లు పోతే పడవ బురదలో కూర్చుంటుంది. ఆయన ఒప్పుకోడని ఊహోత్తరం. ముద్ర పడితే ముప్పై ఏళ్లు ఆ మాట ఎత్తడానికి లేదు.

చెవిలో ఉన్న చెవిమరలోంచే తన బాబాయి రత్తయ్యను పిలిచింది. కుటుంబాల తరఫున తిరిగే పెద్దమనిషి ఆయనే.

"బాబాయ్, ఆ పడవాయన దగ్గరికి వెళ్లారుగా. ఏమడిగారు?"

"అడగటమేంటమ్మాయ్? మూడుసార్లెళ్లాం, పదిమందిమి. అరటిపళ్లు చేతిలో పెట్టాం. భార్య పోయిందంటే పలకరించాం. కాసేపు కూర్చుని వచ్చేశాం."

"నేల సంగతి ఎత్తారా?"

"మొహానే అడిగేస్తామా? పెద్దాయన, ఆ మాత్రం తెలుసుకోడూ?"

"తెలుసుకోడు బాబాయ్! వీళ్ల దగ్గర నోటితో అడిగితేనే అడిగినట్టు."

"నా మీద కసురుతావేంటే? అడుగుబల్ల దగ్గర ఉద్యోగం నీది. నువ్వే అడగకపోయావా?"

ఝాన్సీ గడియారం చూసింది. ఊహోత్తరం వచ్చాక మనిషిని నేరుగా అడిగితే, అతడు కాదన్నాడంటే, అడిగినవాళ్ల ఉద్యోగమూ నివాసపత్రమూ పోతాయి. ముద్ర వేయడానికి ఇరవై ఆరు నిమిషాలున్నాయి. ఆమె లేచింది. చెవిమర మాత్రం తీయలేదు. జవాబు యంత్రం కూడా వినాలి.

"ఎక్కడికి?" అంది అధికారిణి మరైకె.

"అడగడానికి."

మరైకె నవ్వింది. ఝాన్సీ నవ్వకపోవడం చూసి ఆపేసింది.

కాలువ మీద చిన్నపడవ దూసుకుపోతుంటే ఝాన్సీ అంచు పట్టుకుని ముందుకు వంగింది. భయం సగమే. మిగతా సగం చిన్నప్పుడు ఏట్లోకి దూకేముందు ఉండే ఉత్సాహం.

లేందర్ట్ పడవకు తారు పూస్తున్నాడు.

"మాఖ్ ఇక్ ఇట్స్ వ్రాఖెన్?" అంది. ఒకటి అడగవచ్చా అని. శిక్షణలో నేర్చుకున్న మాట. మనిషితో అనడం ఇదే మొదలు.

కుంచె ఆగింది. "అరటిపళ్లు తెచ్చేది మీవాళ్లేనా?"

"అవును."

"నాకవి పడవు. పదిమంది వస్తారు, కూర్చుంటారు, నవ్వుతారు, పోతారు. ఏం కావాలో చెప్పరు. మూడోసారికి భయమేసి తలుపు గడియ పెట్టుకున్నాను."

ఝాన్సీకి నవ్వాగలేదు. తరువాత గుక్క తిప్పుకోకుండా అడిగింది. "ఈ మడుగు తోడేసి మేం ఇళ్లు కట్టుకోవచ్చా? మీ పడవ బురదలో దిగబడుతుంది. దాచడం లేదు."

ఒప్పుకోడు, అంది చెవిమర. ఒప్పుకోడు, ఒప్పుకోడు.

ముసలాయన నీళ్లకేసి తిరిగాడు.

"నా భార్య ఆఖరి రోజుల్లో ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తానంది. తీసుకుపోవచ్చా అని డాక్టర్ని అడగబోయాను. ఒప్పుకోడని మీ యంత్రం రాసింది. తలుపు తెరుచుకోలేదు. ఆమె అక్కడే పోయింది. ఆ డాక్టరు నోటితో ఏమనేవాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ముద్ర వేసినవాళ్లను నేను క్షమించను."

అప్పుడు ముద్ర వేసింది తను కాదు. అలాంటి ముద్రలు మాత్రం ఈ పొద్దున కూడా వేసింది.

"ఖా యె ఖాంగ్," అన్నాడు చివరికి. కానివ్వండి అని. "పడవను మాత్రం మీ పదిమందీ లాగి పక్క కాలువలో పెట్టాలి. పళ్లు తేవద్దు."

చెవిమర మూగబోయింది. మళ్లీ పలికినప్పుడు అందులో మరైకె అరుస్తోంది. "గోడ మీద సున్నా పోయి ఒకటి పడింది, ఝాన్సీ! వద్దన్న నలభై వేలూ తెరుచుకున్నాయి. జనం ఇళ్లలోంచి బయటికొచ్చి పక్క తలుపులు కొడుతున్నారు. వీటన్నిటికీ జవాబులెవరు చెప్తారు?"

"ఎవరిని అడిగితే వాళ్లే."

మరైకె అరుపు లేందర్ట్‌కూ వినపడింది. కుంచె డబ్బాలో పెట్టాడు. చేతులు లాగుకు తుడుచుకున్నాడు.

"ఆ డాక్టరు మూడో వంతెన దగ్గరుంటాడు," అన్నాడు. ఆమె పడవకేసి చూసి, గొంతు సవరించుకున్నాడు. "మాఖ్ ఇక్ మే? నేనూ రావచ్చా?"

ఆమె ఏమంటుందో యంత్రం ఊహించలేదు. ఝాన్సీ పడవలో పక్కకు జరిగి చోటిచ్చింది.