దిద్దని ఫోటో

గోడ మీది ఫోటో కిందికి దిగింది! ఇరవై నాలుగేళ్లలో ఇంటికి రంగులు వేసినప్పుడు తప్ప ఎన్నడూ మేకు వదలని ఫోటో... ఆయన దాన్ని పాత తువ్వాలులో చుట్టి సంచీలో పెట్టుకుంటుంటే ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. కానీ నోరు పెగల్లేదు. ఏడుపైనా రాలేదు. ఈ ఏడాదిగా ఆ ఇంట్లో అందరి మనసులూ అలాగే మొద్దుబారి ఉన్నాయి.

"డాక్టరమ్మ ముందు పెడతాను. పెళ్లినాటికి నేనిలా ఉండేవాణ్ణి, మీరు నాకిచ్చింది ఇదీ అని అడుగుతాను!" అన్నాడాయన.

ఆయన కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తాడు. నాలుగు గోడలకూ అద్దాలే! వచ్చినవాళ్లు ఒకసారి ముఖం చూసుకుని పోతారు. ఆయనకు మాత్రం పొద్దున పది నుంచి దుకాణం మూసేదాకా తన నెత్తి తనకు అన్ని వైపుల నుంచీ కనబడుతూనే ఉంటుంది. పాపం, ఎంతకని తట్టుకుంటాడు! ఏడాది కిందట తల వెనక నుంచి వెంట్రుకలు తీయించి ముందు నాటించుకున్నాడు. మొదటి నెలలోనే నాటినవన్నీ రాలిపోతే అన్నం మానేశాడు. రాలడం మామూలేనని, మళ్లీ వస్తాయని డాక్టరమ్మ చెప్పిన మాట ఆయన చెవికెక్కలేదు. నాలుగో నెల నుంచి సన్నగా మొలిచాయి. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ బాగుందన్నారు. ఆయన కిటికీ దగ్గర తలవంచి, చేతి అద్దం పట్టుకుని, సందుల్లోంచి కనబడే చర్మాన్నే చూసుకునేవాడు. నాటిన చోట ఇంకా స్పర్శ రాలేదు. దువ్వెన తగిలినా తెలిసేది కాదు. రానురాను ఆయనకు మాట కూడా తగ్గిపోయింది.

ఒక్క మాట మాత్రం తగ్గలేదు. పెళ్లైన కొత్తలో నవ్వుతూ అన్న మాట, తరవాత్తరవాత నవ్వు లేకుండా అన్న మాట... "నీ చెయ్యి పట్టుకున్నాకే నా జుట్టు పోయింది!" బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమంటే ఇదే కదా! చుట్టాల ముందు అన్నా, కన్నకూతురి ముందు అన్నా ఆమె ఏనాడూ ఎదురు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆమెకూ అత్తగారికీ తప్ప మూడోవాళ్లకు తెలియదు.

ఆయన వెంట ఆమె కూడా వెళ్లింది. డాక్టరమ్మ ఆయన తలను లైటు కింద పెట్టి చాలాసేపు చూసింది.

"నాటినవి దాదాపు అన్నీ పట్టాయండీ. ఇది మంచి ఫలితమే."

"ఇది మంచిదా? ఆ ఫోటో చూడండి. ఎక్కడైనా నెత్తి కనబడుతోందా?"

"పుట్టుకతో ఉన్న ఒత్తుదనంలో సగం వస్తే బాగా వచ్చినట్టు. మొదటిరోజే చెప్పాను కదా! మేం కొత్త వెంట్రుకలు పుట్టించలేం. వెనక ఉన్నవే తీసి ముందు పెడతాం. ఒక్క దుప్పటినే రెండు మంచాలకు సర్దడం లాంటిది."

"అయితే ఇంకోసారి తీసి పెట్టండి."

"వెనక ఇప్పటికే పలచబడింది. ఇంకా తీస్తే అక్కడ మచ్చలు బయటపడతాయి. వాటిని కప్పడానికి మీ తల మీద ఇక ఏమీ మిగలదు. నేను చెయ్యను."

"చేసేవాళ్లున్నారు! శుక్రవారం రమ్మన్నారు!"

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. "మీరైనా చెప్పండమ్మా..." అంటూ ఫోటోను చేతిలోకి తీసుకుని, "విచిత్రంగా ఉంది, ఈ ముందు వరస జుట్టు ఎవరో గీసినట్టుంది" అంది. ఆయన అప్పటికే తలుపు దాటాడు. ఆమె ఫోటోను వెనక్కి తీసుకుని సంచీలో పెట్టుకుంది. దారి పొడుగునా ఆ మాటే వింటూ ఇంటికి వచ్చింది.

ఇంట్లో అత్తగారు ఉతికిన బట్టలు మడతపెడుతోంది. కొడుకు శుక్రవారం సంగతి చెప్పగానే దుప్పటి అంచు ఆవిడ చేతిలోనే ఉండిపోయింది.

"చెప్పెయ్యమ్మాయ్. నాకిచ్చిన మాట కోసం ఇన్నేళ్లు మోశావు. ఇక చాలు."

ఆమె బీరువాలో బట్టల అడుగు నుంచి ఒక పాత కవరు తెచ్చింది. అందులోని ఫోటోనూ, సంచీలోని గోడ ఫోటోనూ తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టింది. కవరులోని దాంట్లోనూ అదే కుర్చీ, అదే చొక్కా, అదే బెరుకు నవ్వు. పక్కపాపిడి నుంచి ముందుకు దువ్విన నాలుగు పోగులు... వాటి సందున స్టూడియో దీపాలకు మెరుస్తున్న నెత్తి!

"ఇదెవరు?" అన్నాడాయన.

"మీరే."

ఆయన ఒక ఫోటో నుంచి ఇంకోదానికి చూపు తిప్పుతూ ఉండిపోయాడు.

"సంబంధాలకు పంపడానికని అత్తయ్య మీ ఫోటో పట్టుకుని మా స్టూడియోకి వచ్చారు. పెళ్లికి ముందు అక్కడ ఫోటోలు దిద్దడం నా పని కదా! కాస్త జుట్టు ఒత్తుగా చెయ్యమ్మా అన్నారు. దానికి ఇంకో కాపీ తీసి, రెండు రోజులు కూర్చుని దాని మీద సన్నకుంచెతో ఒక్కో వెంట్రుకా గీశాను."

"ఆ పని చూసి ముచ్చటేసిందిరా!" అంది అత్తగారు. "ఇంత ఓపికున్న పిల్ల మనింటికొస్తే చాలనుకున్నా. ఆ ఫోటో ఇంకెవరికీ పంపలేదు. ఈ పిల్లనే అడిగా. నువ్వు చిన్నబుచ్చుకుంటావని, నీకు చెప్పొద్దని మాట తీసుకున్నా. నువ్వేమో దాన్నే నిజమనుకుని గోడకు తగిలించావు... పాపం నాదిరా నాన్నా!"

"పక్క నుంచి దువ్వుకునేవాణ్ణి..." అన్నాడాయన తనలో తాను. "అవును. గాలి వీస్తే చేత్తో అదుముకునేవాణ్ణి. ఎలా మరిచిపోయాను?"

ఆయన ఆమె వైపు తిరిగాడు.

"మరి ఇన్నేళ్లూ నీ వల్లే పోయిందని నలుగురిలో అంటుంటే..."

"అన్నారు. విన్నాను. ఆ ఫోటో చూసుకుని మురిసిపోయేవారు కదా మీరు! నా చేత్తో గీసింది నా నోటితో చెరపలేకపోయాను."

"నెత్తి మీద ఏమీ లేదని తెలిసే... నన్ను చేసుకున్నావా?"

"నేను మొదట చూసింది ఈ ఫోటోనేనండీ. దిద్దింది ఆ తరవాత!"

ఆయన కళ్లలో నీళ్లు రాలేదు. ఆమెకూ రాలేదు. ఎప్పుడో రావలసినవి... ఆ వేళ దాటిపోయింది. అత్తగారు ఒక్కతే దుప్పటి అంచుతో కళ్లు తుడుచుకుంది.

ఆయన, "శుక్రవారం దుకాణానికే వెళ్తాను" అన్నాడు. కుర్చీలోనే ముందుకు వంగి, చిన్నపిల్లాడిలా ఆమె ముందు తల వంచాడు. ఆ పలచని జుట్టు మీద, కొత్తగా మొలిచిన చోట, ఆమె అరచెయ్యి ఆనించింది.

"తెలుస్తోందా?"

"తెలీడం లేదు," అన్నాడాయన. "అయినా తియ్యకు."

ఆమె తియ్యలేదు.